ఆసనమునకు ముందు ఎఱుక

ప్రతి సంవత్సరము జూన్ మాసము వచ్చుసరికి మన పట్టణములందును పల్లెలందును యోగమును గూర్చిన సంరంభము మిన్నుముట్టుచుండును. భారతదేశపు ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11వ తేదిన చేసిన తీర్మానమువలన జూన్ 21వ తేది అంతర్జాతీయ యోగదినమైనది. 177 దేశములు ఆ తీర్మానమునకు సహప్రతిపాదకులుగా నిలిచినవి. 2025వ సంవత్సరమున మన రాష్ట్రప్రభుత్వము 'యోగాంధ్ర' యను పేర మే 21 మొదలు జూన్ 21 వఱకు ఉద్యమమును నడపి, కడపటి దినమున విశాఖపట్టణపు సముద్రతీరమున ఇంచుమించు 3 లక్షల జనముచేత ఒక్క పెట్టున ఆసనములు వేయించెను. ఆంధ్రులు గర్వింపదగిన దృశ్యమే యది. ఇందులకు సందేహము లేదు.

కాని సంఖ్య వేఱు, విద్య వేఱు. ఉత్సవము ఒక దినముతో ముగియును. విద్య జీవితాంతము వెంట రావలసినది. తీరమున లక్షలమందితో చేతులెత్తిన గృహస్థుడు మఱునాడు తన యింట చాప పఱచెనా, నెల తిరిగిన పిమ్మటను పఱచుచున్నాడా యనునదియే మనము వేసికొనవలసిన ప్రశ్న. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల చదువరులతో నేడు మేము ముచ్చటింపదలచినది ఆ తొలి దినములను గూర్చియే. క్రొత్తగా యోగతరగతికి పోవువాడు ఎట్టి మనస్సుతో పోవలెను? ఏమి యెఱిగి పోవలెను? ఇవి చిన్న ప్రశ్నలుగా తోచవచ్చును. అభ్యాసము నిలుచుటయు, నడుమనే ఆగిపోవుటయు పెక్కుమార్లు వీనిమీదనే ఆధారపడియున్నవి.

సాధారణముగా జరుగునది చూడుడు. నలువదియైదేండ్ల భూవసతిగల గృహస్థుడొకడు. యౌవనమున పొలము గట్లపై కాలినడకను తిరిగినవాడే. ఇప్పుడు వాహనముపై పోయి పొలము చూచి వచ్చుచున్నాడు. నడుము బరువెక్కినది. చక్కెరవ్యాధి కనబడినదని డాక్టరు చెప్పెను. బంధువులు యోగము చేయుమనిరి. తొలినాడు తరగతికి పోయి, సంఘమున తనకుగల స్థానమునకు తగినట్లు ముందువరుసలోనే కూర్చుండెను. ప్రక్కనున్న పదునెనిమిదేండ్ల బాలుడు ముందునకు వంగి పాదములు పట్టుకొనగా, ఈయనయు పట్టుదలతో పట్టుకొనెను. మూడవనాడు నడుము పట్టినది. నాలుగవనాడు తరగతికి పోలేదు. పిమ్మట యోగము తనకు పడదని పదిమందికి చెప్పసాగెను. పట్టణపు ఉద్యోగి కథయు దీనికి భిన్నము కాదు. దినమంతయు కుర్చీలో కూర్చుండి, ఫోనులో చూచిన వీడియోనే గురువుగా భావించి, తొలి వారముననే శీర్షాసనమునకు పూనుకొని, మెడ పట్టుకొని కూర్చుండును.

ఇందు తప్పు యోగమునది కాదు, వయస్సునదియు కాదు. తన దేహమును చూడవలసిన కన్నులతో పరుని దేహమును చూచుటయే తప్పు. ఒక్క మాటలో చెప్పవలెనన్న, క్రొత్తవానికి ఆసనముకన్న ముందు కావలసినది ఎఱుక.

మన సీమకు యోగము నేడు దిగుమతియైన సరకు కాదు. 2022 ఏప్రిల్ 4వ తేదిన ఏర్పడిన నంద్యాల జిల్లాయందే శ్రీశైలమున్నది. సిద్ధులకును యోగులకును అది నెలవని అనాదిగా ప్రసిద్ధి. 15వ శతాబ్దపు కవి గౌరన తన 'నవనాథచరిత్రము'న నాథయోగుల కథలను తెలుగు ద్విపదలో చెప్పెను. బనగానపల్లె యనగానే పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి స్మరణకు వచ్చును. అచ్చటి రవ్వలకొండ గుహలో ఆయన కాలజ్ఞానమును వ్రాసెనని జనులు చెప్పుకొందురు. ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలమునకు పోవు యాత్రికులు నవనారసింహులలో నొకడైన యోగానంద నృసింహుని సేవించుకొనియే యుందురు. హిరణ్యకశిపుని సంహరించిన పిమ్మట స్వామి ప్రహ్లాదునకు ఇచ్చటనే యోగము నేర్పెనని స్థలపురాణము.

ఈ కథలో క్రొత్తవానికొక పాఠమున్నది. స్తంభమును చీల్చుకొని వచ్చిన ఉగ్రమూర్తి, యోగము నేర్పునపుడు శాంతుడై కూర్చుండెను. బలమునకు లోటులేనివాడే బలమును ప్రక్కన బెట్టి బోధించెను. మనమో, లేని బలమును తెచ్చిపెట్టుకొని యోగమునకు బయలుదేరుచున్నాము.

శాస్త్రమును విచారించినను ఇదియే తేలుచున్నది. పతంజలి యోగమునకు ఎనిమిది అంగములు చెప్పెను; ఆసనము వానిలో మూడవది మాత్రమే. దానికి ముందు యమనియమములున్నవి. యమములలో మొట్టమొదటిది అహింస. ఈ అహింసను పరులయెడనే గాక స్వదేహమునెడను పాటింపవలెనని మా యభిప్రాయము. మోకాలు మొఱపెట్టుచుండగా పద్మాసనమునకు లొంగదీయుట హింస గాక మఱేమి? ఆసనమునకు ఆ మహర్షి పెట్టిన గుఱుతులు నిలుకడయు, సుఖమును మాత్రమే. చూచువారి మెప్పు అందులో లేదు. అమితముగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని, అతినిద్రకును, నిద్రలేమికిని యోగము కుదరదని భగవద్గీత 6వ అధ్యాయమున హెచ్చరిక కలదు. స్వాత్మారాముని హఠయోగప్రదీపిక, పేరున హఠమున్నను, మితిమీఱిన శ్రమను యోగవిఘ్నములలో చేర్చినది. ఉత్సాహముతోపాటు ధైర్యమును సాధనముగా లెక్కించినది. మన వేమన మఱింత నిక్కచ్చిగా, దేహమును మెలికలు త్రిప్పుటతోనే యోగమైనదని భ్రమపడువారిని పరిహసించి, అట్టి యోగము మల్లుల కసరత్తుకన్నను తీసికట్టని తేల్చివైచెను.

శాస్త్రములు దూరమని తోచువారికి మన నల్లరేగడి నేలయే గురువు. వాన వెలిసిన వెంటనే నల్లరేగడిలో నాగలి పెట్టువాడు రైతు కాడు. తడినేలను దున్నిన మట్టి గడ్డలు కట్టును; మిక్కిలి ఎండనిచ్చిన నాగలి దిగదు. అందుచేత రైతు పిడికెడు మట్టి చేత బట్టి, నలిపి చూచి, పదును కలదని నిశ్చయించుకొనిన పిమ్మటనే అరక కట్టును. పొరుగువాడు దున్నుచున్నాడని తాను దున్నడు. తన పొలపు పదును తనది. దేహమునకును ఇట్టి పదును కలదు. నిద్రచాలని ఉదయము, జ్వరము విడిచిన మఱునాడు, కడుపు నిండిన వేళ, మనస్సు కలత చెందిన దినము: ఇవి పదును లేని కాలములు. ఆ దినములందు తరగతికి పోవలదనుట లేదు. తేలికగా చేయుమనియే చెప్పుచున్నాము.

దేవతావిగ్రహములకు పేరుగన్న ఆళ్ళగడ్డ శిల్పుల వృత్తినుండియు ఒక మాట నేర్వవచ్చును. రాతిని తట్టి దాని నాదమును విని, లోపల బీట యున్నదో లేదో తెలిసికొనిన తరువాతనే ఉలి పెట్టవలెనని శిల్పుల సంప్రదాయము. ఎక్కువగా పడిన దెబ్బను వెనుకకు తీసికొనుట ఎవరి తరమును కాదు. మన కీళ్ళ బంధనములును ఇంచుమించు అట్టివే. కండరము నొచ్చిన కొలది దినములలో కోలుకొనును. కీలుబంధనము దెబ్బతిన్నచో మానుటకు వారములు, నెలలు పట్టును. కావున ముందు తట్టి వినుట, పిమ్మట ఉలి పెట్టుట.

ఇక ఆచరణకు వత్తము. తరగతిలో చేరకముందే తన దేహస్థితిని తాను తెలిసికొనవలెను. అధిక రక్తపోటు, గుండెజబ్బు, హెర్నియా, వెన్నుపూసల నడుమ డిస్కు జారుట, కంటిలో నీటికాసులు, ఇటీవల జరిగిన శస్త్రచికిత్స, గర్భము: వీనిలో ఏది యున్నను మొదట డాక్టరునకును, పిమ్మట యోగశిక్షకునకును దాచక చెప్పవలెను. నీటికాసులు గలవారికి తలక్రిందుగా నిలుచు ఆసనములు కూడవు; ఏలయన ఆ స్థితిలో కంటిలోని ఒత్తిడి పెరుగును. అధిక రక్తపోటు గలవారును వానిని మానవలెను. వీరును, గుండెజబ్బు గలవారును ఊపిరి బిగబట్టుటకును, కపాలభాతికిని డాక్టరు అనుమతి లేనిదే పూనుకొనరాదు. డిస్కు బాధ గలవారు బలవంతముగా ముందునకు వంగరాదు.

చక్కెరవ్యాధి గలవారికి వేఱుగా ఒక మాట. ఇన్సులినుగాని, కొన్ని రకముల మాత్రలుగాని వాడుచు పరగడుపున శ్రమించినచో రక్తమున చక్కెర ఆకస్మికముగా పడిపోవచ్చును. చెమట, వణకు, కన్నులు చీకట్లు క్రమ్ముట దాని లక్షణములు. ఇట్టివారు మందువేళను, తరగతివేళను డాక్టరుతో చెప్పి కుదుర్చుకొని, చేరువనే కొంచెము చక్కెరయో గ్లూకోజో ఉంచుకొనవలెను. యోగము మందునకు తోడు. మందునకు మాఱు కాదు. నెలదినములు ఆసనములు వేసిన చాలును, మందులన్నియు పాఱవేయవచ్చునని చెప్పు శిక్షకుడు ఎంతటి వాచాలుడైనను, అట్టివాని తరగతిని విడుచుటయే క్షేమము.

తక్కినవారు నిండు భోజనమైన మూడు గంటలవఱకు ఆసనములు వేయరాదు. మన ప్రాంతమున వేసవి ఎండ 40 డిగ్రీలను మించుట సామాన్యము. కావున వేకువ తరగతియే మేలు. ఖరీదైన చాపయు, విదేశపు పేరుగల దుస్తులును అక్కఱలేదు. జాఱని నేలపై మందపు దుప్పటియో జంపఖానాయో చాలును. వదులైన నూలుబట్ట చాలును. తరగతికి పది నిమిషములు ముందుగా పోయి, ఫోనును మూసి, కన్నులు మూసికొని కూర్చుండవలెను. ఊపిరి ఎట్లున్నది? ఏ కీలు బిగిసియున్నది? రాత్రి నిద్ర చాలినదా? ఈ మూడు ప్రశ్నలకు తనలో తాను బదులు చెప్పుకొనిన పిమ్మటనే లేవవలెను. ముందువరుసకన్న, శిక్షకుడు కనబడునట్టి నడిమి వరుస క్రొత్తవానికి మేలు.

అభ్యాసము సాగునపుడు ఊపిరియే కొలబద్ద. ముక్కుతో ఊపిరి నెమ్మదిగా ఆడుచున్నంతవఱకు దేహము సమ్మతించుచున్నదని యెఱుగవలెను. ఊపిరి ఆగినను, రొప్పు వచ్చినను, పండ్లు బిగిసినను మేరదాటినట్లే. వెంటనే కొంత వెనుకకు రావలెను. మహానంది కోనేటి నీటిలో అడుగున పడిన నాణెమును కనబడును. దిగినవారు కలచివేసిన కనబడదు. ఊపిరి కలత చెందినప్పుడు దేహము చెప్పు మాటయు అట్లే మఱుగుపడును.

నొప్పులలోను భేదమెఱుగవలెను. చాపినపుడు కండరము నడుమ లాగినట్లుండి, విడువగానే పోవునది అభ్యాసములో సహజము. కీలులో సూది గ్రుచ్చినట్లుండు నొప్పి, కాలిలోనికో చేతిలోనికో ప్రాకు తిమ్మిరి, తలత్రిప్పు, ఱొమ్మున బిగువు: ఇవి ఆగుమను ఆజ్ఞలు. ఱొమ్మున బిగువు కలిగినచో తరగతి ముగియువఱకు ఓర్చుకొనుట తగదు; తత్క్షణమే వైద్యసహాయము పొందవలెను. వజ్రాసనమున మోకాళ్ళు నొచ్చువారు పిక్కలకును తొడలకును నడుమ మడిచిన దుప్పటి నుంచుకొనవచ్చును. నేలపై కూర్చుండజాలనివారు కుర్చీపై చేయవచ్చును. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. ఆయుష్ మంత్రిత్వశాఖ ప్రకటించిన 45 నిమిషముల సామాన్య యోగక్రమమునందును ముందు ప్రార్థన, పిమ్మట మెడ, భుజములు, నడుము, మోకాళ్ళ కదలికలు, ఆ తరువాతనే ఆసనములు వచ్చును. ఆలస్యముగా వచ్చి తొలిభాగమును, త్వరపడి తుది విశ్రాంతిని విడుచువారు గింజను విడిచి పొట్టును ఇంటికి మోసికొని పోవువారు.

శిక్షకుని ఎన్నికలో జాగ్రత్త వలయును. 1888లో జన్మించి 1989 వఱకు జీవించిన తిరుమల కృష్ణమాచార్యులవారు 1930ల నాట మైసూరు జగన్మోహన సౌధమున యోగశాల నడపిన మహోపాధ్యాయులు. శిష్యుని వయస్సును, బలమును, వృత్తిని చూచి సాధన నిర్ణయించుటయే వారి బోధలోని సారమని నేటికిని చెప్పుదురు. వారి శిష్యులలో ప్రసిద్ధుడైన బి.కె.ఎస్. అయ్యంగారు (1918–2014) వంగలేనివారికి కొయ్యదిమ్మెలు, త్రాళ్ళు, కుర్చీలు ఆసరాగా ఇచ్చి, ఆసనమును మనుష్యునికి అనుకూలముగా మలచెను. కావున తొలిదినముననే మీ ఆరోగ్యమును గూర్చి అడిగిన శిక్షకుడు ఉత్తముడు. అడుగకున్నను చెప్పిన వినువాడు మధ్యముడు. అందఱచేతను ఒకే లెక్కన ఒకే ఆసనము వేయించి, వంగనివాని వీపుపై చేయివేసి అదుమువాడు త్యజింపదగినవాడు. శిక్షకుడు దేహమును తాకుటకు ముందు అనుమతి అడుగవలెను, వలదనిన మానవలెను. స్త్రీల విషయమున ఈ నియమమును తరగతి నడపువారు కచ్చితముగా పాటింపవలెను.

పెద్దలకు అప్రియమైనను చెప్పక తప్పని మాట యొకటి. యోగపు చాపపై ఆస్తి అంతస్తులు పనిచేయవు. వరిమడిలో కలుపుతీయు స్త్రీ జాముల తరబడి గొంతుకూర్చుండగలదు. ఆమెకు కూలి ఇచ్చు యజమాని ఒక నిమిషమైన అట్లు కూర్చుండలేడు. ఆ యజమానికి కావలసినది కీళ్ళ కదలిక. ఆమెకు కావలసినది మఱికొంత వంగుట కాదు, వంగి వంగి అలసిన నడుమునకు విశ్రాంతి. ఇద్దఱకును ఒకే ఆసనక్రమమును విధించుట అవివేకము. మఱియు వేకువ తరగతికి పనికిపోవువారు రాలేరు. మన భూస్వాములు కోతలు ముగిసిన పిమ్మట తమ కళ్ళములను సాయంవేళ యోగమునకు విడిచి, శిక్షకుని జీతములో పాలు పంచుకొనిరేని, ఈ విద్య నాలుగు వీధులలో నిలిచిపోక ఊరంతటిదియు కాగలదు. యోగమును దేశసంపదయని చాటుచు, దేశములో చెమటోడ్చువారికి దానిని దూరముగా నుంచుట మనకు తగదు.

స్వాతంత్ర్యోద్యమ కాలమున మన పెద్దలు వ్యాయామమును, యోగమును జాతీయశిక్షణలో భాగముగా భావించిరి. వివేకానందస్వామి 'రాజయోగము' 1896లోనే వెలువడి ప్రపంచమునకు మన విద్యను పరిచయము చేసినది. ఆంధ్రమున కోడి రామమూర్తి నాయుడుగారు ఊపిరి బిగించి ఱొమ్మునకు చుట్టిన ఉక్కుగొలుసును తెంచగా జనము జయజయధ్వానములు చేసెడివారు. గొలుసు తెగుట జనమునకు కనబడెను. దాని వెనుకనున్న ఏండ్ల తరబడి నియమము కనబడలేదు. నేటికిని మన దోషమిదియే. ఫలమును చూచి చప్పట్లు కొట్టుదుము; సాగును గూర్చి అడుగము.

1947లో దేశమునకు స్వరాజ్యము వచ్చినది. మన దేహముపై మనకు స్వరాజ్యము వచ్చినదా? ప్రక్కవాని చూచి వంగుట, మెప్పునకు బిగబట్టుట, నొప్పిని దాచి నవ్వుట పరతంత్రత్వమే. ఇంతవఱకు వంగుదును, ఇచ్చట ఆగుదును, రేపు మఱల వత్తునని తనకు తాను చెప్పుకొనగలవాడు చాపమీద చేయెడు జానెడు మాత్రమే వంగినను స్వతంత్రుడు. అట్టివానికి అభ్యాసము ఒక దినముతో తీరిపోదు.

కావున క్రొత్తగా తరగతికి పోదలచిన సోదరసోదరీమణులకు మా మనవి యిది. తొలి మాసమున ఒక్క క్రొత్త ఆసనమైనను సాధింపకున్నను చింతలేదు. వారమునకు మూడు దినములైనను తప్పక పొండు, అఱగంటతోనైనను మొదలిడుడు, తెలియనిది అడుగుడు, చేయలేనిది చేయలేమని చెప్పుడు. నెల గడచిన పిమ్మట పాదములు చేతికందినవా యని చూచుకొనకుడు. నిద్ర మెఱుగైనదా, మెట్లెక్కునపుడు ఆయాసము తగ్గినదా, ఇంటివారితో మాట మెత్తబడినదా యని చూచుకొనుడు. ఇవి తేలినచో యోగము పట్టుపడుచున్నదని తెలియుడు. లక్షల సంఖ్యలో మఱొక తలగా ఒక దినము నిలుచుటకన్న, తన యింటి వసారాలో ఏండ్ల తరబడి నిలుకడగా కూర్చుండు ఒక్క గృహస్థుడే ఈ విద్యకు నిజమైన కీర్తి. నంద్యాల, ఆళ్ళగడ్డ సీమలయందు అట్టి గృహస్థులు ఇంటింట వర్ధిల్లుదురుగాక!